జవాబు వచ్చేదాకా మైకు కట్టేయొద్దు

అంతరిక్షంలో జరిగే చిన్న రేడియో నాటకం చేద్దామనుకునే కుర్రవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు. ఇప్పుడు రేడియో నాటకం అనడం లేదు, ఆడియో డ్రామా అంటున్నారు. పేరేదైనా పని ఒకటే: బొమ్మ లేకుండా గొంతుతో నమ్మించడం. వచ్చిన ప్రతివాళ్ల ల్యాప్‌టాప్‌లోనూ ఒకే సరంజామా. డబ్బు పెట్టి కొన్న రాకెట్ మోతలు, పేలుళ్లు, ఇనపతలుపు జారే చప్పుడు, బీప్ బీప్ మనే కంప్యూటరు, వాటన్నిటి కిందా గుండెలదిరే సంగీతం. కథ మాత్రం ఇంకా తేలలేదంటారు. ముందు ఆ ఫైళ్లన్నీ తీసేయమంటాను. ఆ తర్వాత నేను చెప్పేవి ఇంకా కష్టంగా ఉంటాయి. శిక్షణ తరగతుల్లో చెప్పే పాఠాలకు ఇవి పూర్తిగా ఎదురు. ముప్పై ఏళ్లకు పైగా శ్రవ్యనాటకాలు రాసి, చేయించి, నేను వీటి మీదే నిలబడ్డాను. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను.

కథ కన్నా ముందు కిలోమీటర్లు

మీ ఓడ ఎక్కడుందో ముందు తేల్చండి. ‘సుదూర అంతరిక్షంలో’ అంటే చాలదు, లెక్క కావాలి. రేడియో తరంగం వెలుగంత వేగంగా, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంతకు మించి పోదు. మనిషి చంద్రుడి మీద ఉంటే మన మాట చేరడానికి ఒకటింపావు సెకను పడుతుంది. అంగారకుడైతే మనకు బాగా దగ్గరికొచ్చినప్పుడు 3 నిమిషాలు, సూర్యుడికి అవతలిపక్కకు పోయినప్పుడు 22 నిమిషాలు. గురుగ్రహానికి 33 నిమిషాల నుంచి 50 పైచిలుకు. నెప్ట్యూన్‌కి నాలుగు గంటలు. ఇదంతా ఒకవైపు లెక్క. జవాబు రావాలంటే రెట్టింపు.

మీది అరగంట నాటకం అనుకుందాం. కాగితం మీద వేసుకోండి. చంద్రుడి మీదున్న మనిషితో ఎంతసేపైనా మాట్లాడించొచ్చు, ప్రతి మాటకూ ముందు కాస్త తడబాటు వినిపిస్తుందంతే. దగ్గరికొచ్చిన అంగారకుడితో నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. నడిమధ్య దూరంలో ఉన్న అంగారకుడితో ఒకే ప్రశ్న, ఒకే జవాబు. గురుడి దగ్గర పెడితే ప్రశ్న మాత్రమే ఉంటుంది, జవాబు వచ్చేలోపు నాటకం అయిపోతుంది. మీ కథకు ఎన్ని ప్రశ్నలు కావాలో లెక్కపెట్టుకుని గ్రహాన్ని ఎంచుకోండి. ఆస్తి పంపకం, పెళ్లి మాటలు లాంటివైతే చంద్రుణ్ని దాటి పోవద్దు. ఒక్క క్షమాపణ చుట్టూ తిరిగే కథకు అంగారకుడు సరిపోతాడు. క్షమించారో లేదో తెలియకుండా ముగియాల్సిన కథను గురుడి దగ్గరికి తీసుకుపోండి.

ఇక అసలు నియమం. ఆ ఆలస్యంలో ఒక్క సెకను కూడా కోయకూడదు. కథలో మాట చేరడానికి 12 నిమిషాలు పడితే వినేవాళ్లకూ 12 నిమిషాలు పట్టాలి. ‘కాసేపటి తర్వాత’ అనిపించే సంగీతపు ముక్క వేసి దాటించొద్దు. సినిమాకి బొమ్మ ఉంది, నవలకి వర్ణన ఉంది. మన చేతిలో ఉన్నది గొంతు, కాలం, ఆ రెండే. వినేవాడి గడియారం, పాత్ర గడియారం కలిసి నడుస్తున్నంతసేపూ వినేవాడు ఆ ఓడలోనే ఉంటాడు. కోత పడిన క్షణంలో తన వంటింట్లోకి వచ్చేస్తాడు.

వినేవాళ్లు విసుక్కుంటారని భయపడతారు. 2014 సెప్టెంబర్ 24 ఉదయాన్ని గుర్తు చేసుకోండి. అంతకు ముందు ఏడాది నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళ్‌యాన్ ఆ ఉదయం అంగారకుడి కక్ష్యలో చేరాలి. ఇంజన్ 24 నిమిషాలు మండాలి. మండుతుండగానే నౌక గ్రహం వెనక్కి పోయింది, సంకేతాలు ఆగిపోయాయి. మళ్లీ ఇవతలికి వచ్చి ‘అయింది’ అని చెప్పినా ఆ మాట భూమికి చేరడానికి 12 నిమిషాలు. మా వీధి చివర టీ కొట్టులో టీవీ ముందు నిలబడ్డవాళ్లం ఎవరమూ కదల్లేదు. తెర మీద కూర్చున్న మనుషులు తప్ప ఏమీ లేదు. అవతల జరగాల్సింది జరిగిపోయింది, మంచో చెడో తేలిపోయింది, మనకింకా తెలియలేదు. మీ నాటకంలో ఉండాల్సింది సరిగ్గా ఇదే. దీనికోసం ఒక్క పేలుడూ అక్కర్లేదు.

జవాబు వచ్చేదాకా పాత్ర చేతులు కట్టుకుని కూర్చోవాలని కాదు. మాట పంపేసిన మనిషి ఏం చేస్తాడో చూడండి. పొట్లం చించుకుని ఏదో తింటాడు. పంపిన మాటను మళ్లీ వేసుకుని వింటాడు. ‘అలా అనకుండా ఉండాల్సింది’ అనుకుంటాడు. దిద్దుకుంటూ ఇంకో మాట పంపుతాడు. ఆ రెండోది మొదటిదాని వెనకాల అదే వేగంతో పోతూనే ఉంటుంది, ఎన్ని కోట్ల కిలోమీటర్లు పోయినా దాన్ని దాటలేదు. ముందు తిట్టు చేరుతుంది, తర్వాత ‘తిట్టలేదమ్మా’ అన్నది చేరుతుంది. వరస మార్చడం ఎవరి తరమూ కాదు. ఇంతటి ఇరకాటాన్ని ప్రకృతి ఊరికే ఇస్తుంటే వదులుకుని, గ్రహాంతర దొంగల్ని కల్పిస్తామంటారేమిటి!

మౌనం దగ్గర రాజీ పడొద్దు

పాత్ర నిద్రపోవచ్చు. మాట్లాడ్డానికేమీ మిగలకపోవచ్చు. అప్పుడు మౌనం పెట్టండి. రెండు సెకన్లు, మూడు సెకన్లు కాదు, నిమిషాల లెక్కన.

1938 అక్టోబర్ 30న అమెరికాలో సీబీఎస్ రేడియో మీద ఆర్సన్ వెల్స్ బృందం ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నాటకం వేసింది. అంగారకుడి నుంచి దిగినవాళ్ల గురించి పొలంలో నిలబడి చెబుతున్న విలేకరి గొంతు మాట మధ్యలో తెగిపోతుంది. తర్వాత కొన్ని సెకన్లు ఏమీ ఉండదు. సంగీతం లేదు, అరుపు లేదు. ఆ విలేకరి పాత్ర వేసిన ఫ్రాంక్ రీడిక్, అంతకు ముందు ఏడాది హిండెన్‌బర్గ్ ఆకాశనౌక తగలబడినప్పుడు అక్కడున్న వ్యాఖ్యాత రికార్డింగును మళ్లీ మళ్లీ విని గొంతు సాధన చేశాడు. ఆ సాధన గొప్పదే. అయినా ఇప్పుడు వింటే ఒళ్లు జలదరించేది ఆయన గొంతు ఆగిన తర్వాత. దేశమంతా రోడ్ల మీదికి పరుగెత్తిందని పత్రికలు రాసింది చాలావరకు అతిశయోక్తి. ఆ కొన్ని సెకన్ల బలం మాత్రం అతిశయోక్తి కాదు.

ఓడలో ఒక మనిషి జవాబు కోసం ఎదురుచూసే నా నాటకం ఒకదానిలో నాలుగు నిమిషాల మౌనం రాశాను. ప్రసారం చేసినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. ప్రసారం రోజున ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి రేడియో పెట్టాను. మౌనం మొదలవ్వాల్సిన చోట వీణ వినిపించింది. నలభై సెకన్ల వీణ, ఆ వెంటనే జవాబు. ‘ప్రసారం ఆగిపోయిందనుకుని శ్రోతలు ఫోన్లు చేస్తారండీ’ అన్నారు అడిగితే. శ్రోత అలా అనుకోవాలనే రాశాను. ఓడలో కూర్చున్న ఆ మనిషికి వచ్చిన అనుమానమూ అదే కదా, అవతల లైను ఉందా పోయిందా అని. శ్రోతకీ పాత్రకీ ఒకే అనుమానం కలిగే చోటు నాటకం మొత్తంలో అదొక్కటే, దాన్ని తీసేశారు. ఆ తర్వాత వాళ్లకు స్క్రిప్టు ఇవ్వలేదు.

కాబట్టి నాటకం పూర్తయ్యాక దాన్ని పరీక్షించేటప్పుడు మెచ్చుకోళ్లు పట్టించుకోవద్దు. వంట చేస్తున్న ఒకరి పక్కన ఫోన్ పెట్టి వినిపించండి. మౌనం వచ్చినప్పుడు చెయ్యి తుడుచుకుని వచ్చి ఫోన్ ఆగిపోయిందేమో అని చూస్తే నాటకం కుదిరినట్టు. చూడకుండా కూర తిప్పుకుంటూ ఉంటే మౌనానికి ముందున్న ప్రశ్న సరిగా పడలేదు, దాన్ని మళ్లీ రాయండి. మౌనాన్ని మాత్రం తగ్గించొద్దు.

రెండు రోజుల నాటకం

అంగారకుడు చాలదు, ఇంకా లోతుకు పోవాలనేవాళ్లకు వాయేజర్-1 దూరం ఉంది. 1977 సెప్టెంబర్ 5న బయల్దేరిన ఆ నౌక ఇప్పుడు సుమారు 2,500 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడికి మాట పోవడానికి 23 గంటలకు పైనే పడుతుంది. ఇలాంటి నాటకాన్ని రెండు భాగాలుగా చేయండి. మొదటి భాగం ప్రశ్నతో ముగించి విడుదల చేయండి. రెండో భాగాన్ని 46 గంటలు గడిచాకే విడుదల చేయండి. మధ్యలో ప్రకటన వద్దు, ‘రేపు వినండి’ అన్న ముక్క వద్దు. సోమవారం ఉదయం ప్రశ్న విన్నవాళ్లు ఉద్యోగాలకు వెళ్తారు, వస్తారు, నిద్రపోతారు, మళ్లీ వెళ్తారు. జవాబు బుధవారం ఉదయం వస్తుంది. సగంమంది మరిచిపోతారు. మిగిలిన సగంమంది ఆ రెండు రోజులూ ఆ ఓడలోనే గడుపుతారు. మీ నాటకం వాళ్లకోసం.

నేను కల్పించి చెప్పడం లేదు, ఇది జరిగింది. 2023 నవంబర్‌లో వాయేజర్-1 అర్థంలేని గుర్తులు పంపడం మొదలుపెట్టింది. నెలల తరబడి వెతికితే, దాని కంప్యూటర్లలో ఒకదాని మెమరీకి సంబంధించిన ఒక చిప్పు పాడైందని తేలింది. ఆ చిప్పులో ఉండే సూచనలను విడగొట్టి, మిగిలిన జాగాల్లో సర్ది, 2024 ఏప్రిల్ 18న ఆదేశం పంపారు. పంపినవాళ్లు ఇళ్లకు పోయి, తిని, పడుకుని ఉంటారు. ఏప్రిల్ 20న నౌక మళ్లీ అర్థమయ్యే మాట పలికింది. ఆ రెండు రోజుల్లో ఆ ఇంజనీర్లలో ఒకరి ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారో, అది ఇప్పటిదాకా ఎవరూ రాయని నాటకం.

ఇక్కడ ఇంకో కష్టముంది, దాన్నీ తప్పించుకోవద్దు. వాయేజర్-1 మామూలుగా సమాచారం పంపే వేగం సెకనుకు 160 బిట్లు. ఫోన్‌లో మనిషి గొంతు వినిపించాలంటే సెకనుకు వేల బిట్లు కావాలి. అంటే అంత దూరం నుంచి గొంతు రాదు, అక్షరాలే వస్తాయి. మనం ఇప్పుడు ఫోన్లలో వాడే పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి 24 బిట్లు పడుతుంది. ‘క్షేమంగా ఉన్నాను’ అన్న రెండు మాటలు దిగడానికే రెండు సెకన్లకు పైన కావాలి. కాబట్టి ఆ దూరంలో ఉన్న పాత్ర గొంతును నాటకంలో ఒక్కసారి కూడా వినిపించకండి. శ్రవ్యనాటకంలో ముఖ్యపాత్ర గొంతే లేకపోవడం ఏమిటని అడుగుతారు. చదువురాని తల్లికి వచ్చిన ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చదివిపెట్టిన ఊళ్లు మనవి. కొడుకు మాట పోస్ట్‌మ్యాన్ నోటి నుంచి వచ్చేది. ‘అమ్మా, నీకు పాదాభివందనాలు’ అని ఆయన చదువుతుంటే తల్లి కళ్లు తుడుచుకునేది, ఆయనకీ గొంతు పూడుకుపోయేది. మీ నాటకంలో కంట్రోల్ రూములో రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి తెర మీద ఒక్కో అక్షరం పడుతుంటే చదివిపెడతాడు. అది చాలు.

ఎఫెక్టు ఒకటే, అది ఫ్యాను

అంతరిక్షంలో శబ్దం ఉండదు కాబట్టి నాటకం నిశ్శబ్దంగా ఉండాలని కొందరు పట్టుబడతారు. బయట గాలి లేదు, శబ్దం లేదు, నిజమే. లోపల మాత్రం హోరు. బరువు లేని చోట వేడిగాలి పైకి లేవదు. వదిలిన ఊపిరి మొహం చుట్టూనే మబ్బులా నిలిచిపోతుంది, ఫ్యాను దాన్ని తోసేయకపోతే మనిషి తను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు, తల పగిలిపోతుంది. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఆ మోత తట్టుకోవడానికి మొదట్లో అక్కడున్నవాళ్లు చెవుల్లో బిరడాలు పెట్టుకునేవాళ్లు.

మీ ఇంట్లో టేబుల్ ఫ్యాను చాలు. రికార్డు చేసి మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా గొంతుల కింద పరిచేయండి. సౌండ్ ఇంజనీరు గొడవ పెట్టుకుంటాడు. మాట స్పష్టంగా లేదంటాడు, హోరు తీసేసే సాఫ్ట్‌వేర్ ఉందంటాడు. వినొద్దు. ఐదు నిమిషాలయ్యాక శ్రోతకు ఆ హోరు వినిపించడం మానేస్తుంది, మౌనాల్లో కూడా. మే నెలలో రాత్రి రెండింటికి ఇంట్లో ఫ్యాను చప్పుడుకు ఎవరూ లేవరు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే చంటిపిల్లతో సహా అందరూ లేస్తారు. మీ నాటకంలో ఒక్కసారి, సరైన చోట ఆ ఫ్యానును ఆపండి. ఒక్కసారే. రెండోసారి ఆపితే అది కథ నడపడానికి వేసిన ఎత్తని దొరికిపోతుంది.

ఇంకేదైనా చప్పుడు తప్పదనుకుంటే ఇంట్లోంచే తీసుకోండి. 1963లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో బ్రయాన్ హాడ్జ్‌సన్ ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్లోని కాలనౌక చప్పుడును పాత పియానో తీగల మీద ఇంటి తాళంచెవి గీసి పుట్టించాడు. అరవై ఏళ్లు దాటినా అది పాతబడలేదు. కొన్న ఫైలును మీకన్నా ముందు వెయ్యిమంది కొనుంటారు.

బీప్ విషయం కూడా చెప్పేస్తాను. అపోలో అంతరిక్షయాత్రల రికార్డింగుల్లో మాటకు ముందూ వెనకా వినిపించే ఆ చిన్న కూత వ్యోమగాములది కాదు. హ్యూస్టన్‌లో కంట్రోల్ రూము నుంచి మాట్లాడేవాళ్లు మీట నొక్కినప్పుడు, వదిలినప్పుడు, దూరంగా ఉన్న ట్రాన్స్‌మిటర్లను తెరిచి మూయడానికి నేల మీద పుట్టించినది. క్విండార్ టోన్లు అంటారు. మొదటిది 2,525 హెర్ట్జ్, రెండోది 2,475, ఒక్కోటి పావు సెకను. మీ ఓడకీ దానికీ సంబంధం లేదు. తీసేయండి.

కళాకారులను కలవనివ్వకండి

నాటకం అంటే అందరూ ఒక మైకు చుట్టూ చేరి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ చదవాలని మాకు నేర్పారు. మామూలు నాటకాలకు అది సరైనదే. ఈ నాటకానికి ఓడలో ఉన్నవాణ్నీ భూమ్మీద ఉన్నవాళ్లనీ ఒకే రోజు పిలవొద్దు. ఒకరి స్క్రిప్టు ఇంకొకరికి ఇవ్వొద్దు. ఓడలో మనిషి తన ప్రశ్న చదివి వెళ్లిపోవాలి. అవతలివాళ్లు ఆ రికార్డింగు విని, అప్పుడు మొదటిసారి విని, జవాబు చెప్పాలి. రిహార్సల్ వద్దు. రెండో టేకు కూడా వద్దు. పంపిన మాటను వెనక్కి తీసుకోలేని చోట నాటకం జరుగుతున్నప్పుడు నటుడికి మాత్రం ఎందుకు తీసుకోనివ్వాలి? నాలుక మడతపడితే పడనివ్వండి. దగ్గు వస్తే ఉంచండి.

ఎదురుపడకుండా గొంతులతోనే నడిచే కథలు ముందే ఉన్నాయి. రే బ్రాడ్‌బరీ కథ ‘కలైడోస్కోప్’లో ఓడ పగిలి మనుషులు తలో దిక్కుకూ విసిరేసినట్టు పోతుంటారు. చావుకు ముందు రేడియోలో మాట్లాడుకోవడమే కథ. టామ్ గాడ్విన్ ‘కోల్డ్ ఈక్వేషన్స్’లో ఒక పిల్ల తన అన్నతో చివరిసారి మాట్లాడుతుంటే, గ్రహం తిరిగి అన్న ఉన్న చోటు అవతలికి పోతూ గొంతు సన్నబడిపోతుంది. రెండిటినీ 1950లలో అమెరికన్ రేడియో నాటకాలుగా చేశారు. రెండూ చెవి కోసమే పుట్టిన కథలు. నాకు మొదటిదే ఇష్టం, అందులో గొంతుకు అడ్డొచ్చే గ్రహం కూడా లేదు, దూరం పెరుగుతుందంతే.

వేరే లోకం నుంచి మాట్లాడే గొంతు మన రేడియోకి కొత్త కాదని కూడా వచ్చినవాళ్లకు చెబుతాను. చలం రాసిన ‘పురూరవ’ నాటకంలో ఊర్వశిగా శారదా శ్రీనివాసన్‌గారి గొంతు విన్నవాళ్లను అడగండి. ఆవిడ ఈ భూమి మనిషి కాదని నమ్మడానికి మాకు మరే ఆధారమూ అవసరం లేకపోయింది.

సైన్సు చెప్పించొద్దు

‘కెప్టెన్, మీకు తెలుసుగా, మన నౌక అణుశక్తితో నడుస్తుంది’ లాంటి మాట ఒక్కటి కూడా ఉండకూడదు. తెలిసినవాడికి తెలిసినవాడు ఎందుకు చెబుతాడు? ‘అది 2187వ సంవత్సరం’ అనే సూత్రధారుడూ వద్దు. మూడేళ్లుగా అందులో బతుకుతున్నవాళ్లు దాన్ని వ్యోమనౌక అనరు. లారీ తోలేవాడు లారీని బండి అంటాడు, వీళ్లూ బండి అంటారు, లేదా ఇల్లు అంటారు. గాలి శుభ్రం చేసే యంత్రానికి ఎప్పుడో ఒక ముద్దుపేరు పడిపోయి ఉంటుంది. మొదటి ఐదు నిమిషాలూ శ్రోతకు ఎక్కడున్నామో అర్థం కాకపోయినా ఫరవాలేదు. పక్కింటి మాటలు గోడ ఇవతల నుంచి వినేటప్పుడు మనకు ఎవరైనా ముందుగా పాత్రల పరిచయం చేస్తారా? అయినా చెవి పెట్టి వింటాం.

అమ్మమ్మ కేసెట్టు

ఇవన్నీ నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మాది కోనసీమ. మా చిన్నమామయ్య 1983లో కువైట్ వెళ్లాడు. మా ఊళ్లో ఫోన్ లేదు, అమ్మమ్మకు రాయడం రాదు. రెండు నెలలకో కేసెట్టు పంపేవాళ్లం. సెలవుకు వచ్చి వెళ్లేవాళ్ల పెట్టెలో అది పోయేది, ఇంకెవరి పెట్టెలోనో జవాబు వచ్చేది. మధ్యలో నెల గడిచేది, ఒక్కోసారి మూడు నెలలు.

టేప్ రికార్డరు మీట నొక్కే పని నాది. అమ్మమ్మ మంచమ్మీద కూర్చుని, ‘ఏరా అబ్బాయ్, అన్నం తిన్నావా?’ అని అడిగి ఆగేది. అలా చాలాసేపు ఆగేది. నేను, ‘అమ్మమ్మా, మాట్లాడు, టేపు తిరిగిపోతోంది’ అనేవాణ్ని. ‘ఉండరా, ఆణ్ని చెప్పనీ’ అనేది. తర్వాత, ‘ఆఁ, సరే’ అని ఇంకోటి అడిగేది. ఆ ఖాళీల్లో కాకి అరుపు, పెరట్లో గిలక చప్పుడు, పైన తిరిగే ఫ్యాను. అరవై నిమిషాల కేసెట్టులో సగం అదే. డబ్బు దండగ అని మా నాన్న కోప్పడేవాడు.

మామయ్య ఐదేళ్లకు తిరిగొచ్చాక చెప్పాడు. అక్కడ పదిమంది పడుకునే గదిలో, అందరూ డ్యూటీకి పోయాక కేసెట్టు పెట్టుకునేవాడట. అమ్మమ్మ ‘అన్నం తిన్నావా’ అని ఆగిన చోట, ‘తిన్నానే అమ్మా’ అని పైకే అనేవాడట. ఆవిడ ‘ఆఁ, సరే’ అనేది. ‘లెక్క తప్పేది కాదురా, నా జవాబు ఎంత పొడుగుంటుందో అమ్మకు తెలుసు’ అన్నాడు.

నాటకంలో మౌనం ఎన్ని నిమిషాలుండాలని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. వెలుగు వేగం లెక్క ఒకటి ఉంది, అది కాగితం మీద వేసుకోండి. రెండో లెక్క మాత్రం, అవతలి మనిషి ఏం చెబుతాడో తెలిసినవాళ్లు వేయాలి. రెండూ కలిసిన చోట మీ నాటకం ఉంది. వాయేజర్ మోసుకుపోతున్న బంగారు పూత రాగి రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, అందులో తెలుగు ఒకటి. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో మన మాట ఒకటి అలా వెళ్తూనే ఉంది. అది కూడా అమ్మమ్మ కేసెట్టు లాంటిదే.

చివరగా ఒక విన్నపం, ఇది నాటకాలు రాసేవాళ్లకు మాత్రమే కాదు. మీ ఇంట్లో అటక మీద, పాత ట్రంకుపెట్టెలో, గల్ఫ్‌కు పంపినవో అక్కడి నుంచి వచ్చినవో కేసెట్లు ఉండొచ్చు. బూజు పట్టకముందే తీసి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఎక్కించేవాళ్లు, ‘మధ్యలో ఖాళీలున్నాయండీ, కట్ చేసి ఇస్తాం’ అంటారు. వద్దనండి.